4.5 పుష్కరాల వంటి జనసమ్మేళనాలు – జైవిక అత్యవసర ప్రణాళిక

రోగకారక సూక్ష్మజీవులను గాని, వాటి విషాలను గాని ప్రజలపై ఉద్దేశపూర్వకంగా ప్రయోగించడాన్ని జైవిక ఉగ్రవాదం అంటారు. వేలమంది ఒకేచోట తిని, తాగి, స్నానం చేసే సందర్భాల్లో దీని ముప్పు ఎక్కువ. ఉదాహరణకు కందకుర్తిని తీసుకుందాం. నిజామాబాద్ జిల్లాలో, బోధన్ చెరకు ప్రాంతానికి చేరువలో, మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలిసే చోటు ఇది. 2015 జూలై 14 నుంచి 25 వరకు ఇక్కడ పుష్కర స్నానాలు జరిగాయి. 12 ఏళ్లకొకసారి వచ్చే ఈ పుష్కరాలు మళ్లీ 2027లో వస్తాయి.

4.5.1 గుర్తించడంలోని చిక్కు

బాంబు పేలితే ఆ క్షణమే తెలుస్తుంది. సూక్ష్మజీవుల దాడి మామూలు వాంతులు, విరేచనాలుగానే మొదలుకావచ్చు. 1984లో అమెరికాలోని ది డాలస్ పట్టణంలో రజనీశ్ అనుచరులు కొందరు హోటళ్ల సలాడ్లలో సాల్మొనెల్లా బాక్టీరియాను కలిపారు. 751 మంది జబ్బుపడ్డారు. వంటవాళ్ల అపరిశుభ్రతే కారణమని అధికారులు మొదట భావించారు. కుట్ర బయటపడడానికి ఏడాది పట్టింది. అయితే సలాడ్ల వడ్డనను మాత్రం వెంటనే ఆపించారు. అంటే, దోషి ఎవరో తెలియకముందే ప్రజలను కాపాడే చర్య తీసుకోవచ్చు.

4.5.2 పొదుగుదల కాలం

సూక్ష్మజీవి శరీరంలో చేరినప్పటినుంచి లక్షణాలు కనిపించేవరకు పట్టే వ్యవధి ఇది. కలరాకు కొన్ని గంటల నుంచి 5 రోజులు, టైఫాయిడ్‌కు సాధారణంగా 1–2 వారాలు పడుతుంది. కాబట్టి ఘాట్ దగ్గరి వైద్యశిబిరం ఖాళీగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోరాదు. భక్తులకు జ్వరం ఇంటికి చేరాక రావచ్చు. కందకుర్తి మహారాష్ట్ర సరిహద్దులో ఉంది. ఒకరు బోధన్‌లో, మరొకరు నాందేడ్‌లో వైద్యుణ్ణి కలిస్తే, ఎక్కడికక్కడ అది ఒక్క కేసే. రెండు రాష్ట్రాల లెక్కలు ఒకచోట చేరితేనే వ్యాప్తి బయటపడుతుంది.

4.5.3 ప్రణాళికలో ఉండవలసినవి

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. జైవిక విపత్తులపై జాతీయ సంస్థ 2008లో మార్గదర్శకాలు విడుదల చేసింది. క్షేత్రస్థాయిలో ముఖ్యమైనవి:

1. ముందు: ఆ ప్రాంతంలో మామూలుగా రోజుకు ఎన్ని విరేచనాలు, జ్వరాల కేసులు వస్తాయో లెక్కగట్టాలి. మామూలు తెలియనిదే పెరుగుదల తెలియదు.
2. జరుగుతుండగా: శిబిరాల లెక్కలను రోజూ పోల్చాలి. తాగునీటిలో క్లోరిన్‌ను పరీక్షించాలి. ప్రతి వంటకం నమూనాను భద్రపరచాలి. అనుమానం వస్తే నమూనాలు ప్రయోగశాలకు, సమాచారం పోలీసులకు ఏకకాలంలో చేరాలి.
3. తరువాత: కనీసం నెలరోజులు సరిహద్దుకు రెండువైపులా కేసుల లెక్కలను పరస్పరం పంచుకోవాలి.

ఈ పనులు సహజంగా వచ్చిన అతిసారానికీ పనికివస్తాయి. దాడి జరగకపోయినా ఈ ఖర్చు వృథా కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఊరి జాతరలో వైద్యశిబిరం ఎత్తివేసిన తరువాత కూడా రోగుల లెక్క ఎందుకు కొనసాగించాలి? పొదుగుదల కాలం ఆధారంగా వివరించండి.