బుజ్జాయిలతో కోపెన్‌హాగన్!

లక్షలు ఖర్చుపెట్టి యూరప్ తిప్పి తీసుకొచ్చాక 'నీకేం నచ్చింది నాన్నా?' అని అడిగితే... నాలుగేళ్ల బుడతడు ఠక్కున చెప్పే జవాబు 'పావురాలు!' తల్లిదండ్రులకు ప్రాణం ఉసూరుమంటుంది. కానీ తప్పు వాడిది కాదు. రోజుకి అయిదు ప్రదేశాలు చొప్పున రాసుకున్న జాబితాది.

పిల్లలకు ఆ పరుగు తప్పించాలంటే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ మంచి ఊరు. ఈఫిల్ టవర్ లాంటి ఆర్భాటాలేవీ అక్కడ లేవు. అందరూ వెతుక్కుంటూ వెళ్లే మత్స్యకన్య విగ్రహాన్ని చూసి కూడా పెద్దవాళ్లు 'ఇంతేనా' అని పెదవి విరుస్తారు. 1913 నుంచీ సముద్రపు ఒడ్డున రాతిమీద కూర్చున్న ఆ బొమ్మ ఎత్తు 1.25 మీటర్లే. రెండో తరగతి చదివే పాపకి మాత్రం అది అచ్చంగా తనంత! వెళ్లేముందు అండర్సన్ కథ చెబితే ఇంకా సరదా. కాకపోతే 1837 నాటి ఆ కథ సినిమాలోలా పెళ్లితో ముగియదు. ఎక్కడ ఆపాలో ముందే అనుకోకపోతే విగ్రహం ముందు ఏడుపులు ఖాయం.

ఇక 'కాళ్లు నొప్పి, ఎత్తుకో' అనే పిల్లలకోసమే కట్టారా అనిపిస్తుంది రౌండ్ టవర్. నక్షత్రాలను పరిశీలించడానికి రాజు నాలుగో క్రిస్టియన్ కట్టించిన ఈ గోపురం 1642లో పూర్తయింది. ఇందులో మెట్లకు బదులు ఏడున్నర చుట్లు తిరిగే వాలుదారి ఉంటుంది. పొడవు 209 మీటర్లు. రష్యా చక్రవర్తి పీటర్ ది గ్రేట్ 1716లో గుర్రంమీదే పైదాకా వెళ్లాడట. ఈ ముక్క చెవిన వేస్తే చాలు, పిల్లలే గుర్రాలైపోతారు! చిట్టచివర ఉండే ఇరుకు మెట్ల దగ్గర మాత్రం చెయ్యి పట్టుకోవాలి.

రైల్వేస్టేషన్ పక్కనే ఉన్న టివోలీ పార్కు 1843లో మొదలైంది. అందులో 1914 నాటి చెక్క రోలర్ కోస్టర్ ఇప్పటికీ తిరుగుతోంది. దాని బ్రేకులు వేయడానికి ఓ మనిషి బండిలోనే కూర్చుంటాడు. పార్కు ఏడాదంతా తెరిచి ఉండదు, తేదీలు చూసుకునే టికెట్లు కొనాలి. జూన్‌లో వెళ్తే మరో చిక్కు. రాత్రి పది దగ్గరపడేదాకా వెలుతురే. 'ఇంకా పొద్దుపోలేదుగా' అని మారాం చేసేవాళ్లని పడుకోబెట్టడం అంత తేలిక కాదు. గదికి మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో ముందే అడగండి.

వీధుల్లో మనవాళ్లు ఆశ్చర్యపోయే దృశ్యాలు రెండు. ముందువైపు చెక్కపెట్టె ఉన్న మూడు చక్రాల సైకిలు... అందులో ఇద్దరు ముగ్గురు పిల్లలు! స్కూలుకైనా కూరగాయలకైనా అదే బండి. అద్దెకీ దొరుకుతుంది. రెండోది, తల్లి లోపల కాఫీ తాగుతుంటే హోటల్ బయట ప్రామ్‌లో నిద్రపోతున్న పసిపాప. చల్లగాలిలో పడుకోబెట్టడం అక్కడి అలవాటు. అదే అలవాటుతో 1997లో న్యూయార్క్‌లో పాపను రెస్టారెంట్ బయట ఉంచిన డెన్మార్క్ తల్లిని పోలీసులు అరెస్టు చేశారు! వెళ్లినవాళ్లు ఇది చూసి ఊరుకోవడమే మంచిది, అనుసరించనక్కర్లేదు.

బయట భోజనం ఖరీదు ఎక్కువ. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే పెరుగన్నం సమస్య తీరుతుంది. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఆరేళ్లలోపు వాళ్లకి షెంజెన్ వీసా రుసుము ఉండదు, దరఖాస్తు మాత్రం విడిగా పెట్టాలి.

రోజుకో ప్రదేశం చూసి, మిగతా పూట పార్కుకి వదిలేస్తే చాలు. పాత సామాన్లతో పిల్లలే తమకు కావలసినవి కట్టుకునే 'జంక్ ప్లేగ్రౌండ్' పుట్టింది ఈ నగరంలోనే, 1943లో. జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉన్న రోజులవి. చక్కగా తీర్చిన పార్కులకన్నా చెత్తకుప్పలూ సగం కట్టిన ఇళ్లే పిల్లలకు ఇష్టమని గమనించిన ఆర్కిటెక్టు సోరెన్‌సన్ ఆలోచన అది. ఇప్పుడు ఫెల్లెడ్‌పార్కెన్‌ అనే పార్కులో ఊళ్లోని ప్రసిద్ధ గోపురాల బుల్లి నమూనాలున్నాయి. పొద్దున చూసిన రౌండ్ టవర్‌నే సాయంత్రం ఎక్కి జారొచ్చు. ఆ సమయంలో 'రాజుగారి కోట చూద్దాం పదండి' అంటే మాత్రం ఒక్కరూ కిందికి దిగరు!