డ్రోను బ్యాటరీ ప్లగ్గు ఎందుకు మాడుతుంది? అపోహలు – వాస్తవాలు

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో డ్రోను ఇప్పుడు వింతేమీ కాదు. గంజాయి తోటల జాడ పట్టడానికి పోలీసులు ఎగరేశారు. వలిసె పూలు విరిసిన రోజుల్లో అరకు పొలాల మీద వీడియోల వాళ్లు ఎగరేస్తారు. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం దేశమంతటా 15,000 మహిళా సంఘాలకు మందు కొట్టే డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. రాయితీ 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు. ఇంత ఖరీదైన యంత్రం కొనేటప్పుడు ట్యాంకు ఎన్ని లీటర్లని అడుగుతారు, ఎంతసేపు ఎగురుతుందని అడుగుతారు. బ్యాటరీని యంత్రానికి కలిపే ప్లగ్గు సంగతి ఎవరికీ పట్టదు. సరదాకి పెద్ద రిమోట్ కార్లు నడిపే కుర్రాళ్లదీ అదే తీరు. పట్టించుకున్న కొద్దిమంది కూడా ఎవరో చెప్పిన మాటల మీదే నడుస్తుంటారు. ఆ మాటల్లో కొన్నింటిని చూద్దాం.

అపోహ: ఎక్స్‌టీ60 రకం ప్లగ్గు అంటే 60 ఆంపియర్లు ఎంతసేపైనా మోస్తుంది.

వాస్తవం: మోయదు. తయారీ సంస్థ అమాస్ ఇచ్చే వివరాల్లో దాని నిరంతర సామర్థ్యం 30 ఆంపియర్లే. 60 అన్నది కాసేపు తట్టుకునే గరిష్ఠం. అదే రకంలో పెద్దదైన ఎక్స్‌టీ90దీ ఇదే వరస. పేరులోని అంకెలో సగానికి లోపే లెక్కేసుకుంటే మోసపోరు.

మందు కొట్టే డ్రోనుకు ఎంత కరెంటు కావాలో కాగితం మీదే తేల్చవచ్చు. 16,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో 80 శాతం పది నిమిషాల్లో ఖర్చయిందంటే సగటున 77 ఆంపియర్లు పారినట్టే. ఎదురుగాలిలో, నిండు ట్యాంకుతో పైకి లేచేటప్పుడు ఇంకా ఎక్కువ. అందుకే ఈ తరగతి డ్రోన్లలో 7 మిల్లీమీటర్ల పిన్నులున్న ఏఎస్150 లాంటి ప్లగ్గులు కనిపిస్తాయి. రిమోట్ కారు సంగతి వేరు. కదిలేటప్పుడు ఒక్కసారిగా గుంజుతుంది, తర్వాత తేలికపడుతుంది, పల్లంలో అసలు అడగదు. డ్రోనుకు పల్లం లేదు. గాలిలో ఉన్నంతసేపూ తన బరువు తాను మోసుకోవాల్సిందే. కాబట్టి కారులో ఏళ్ల తరబడి నిలిచిన ప్లగ్గు డ్రోనులోనూ నిలుస్తుందనుకోవద్దు.

కొండ మీద ఇంకో చిక్కుంది. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి విశాఖ తీరంలో కన్నా సుమారు 8 శాతం పలచన. అదే బరువును నిలబెట్టడానికి నాలుగైదు శాతం ఎక్కువ శక్తి కావాలి. ప్లగ్గులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక అక్కడ తేడా దాదాపు రెట్టింపై కనిపిస్తుంది. ఇక చలికాలం లంబసింగి తెల్లవారుజామున లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అంతర్గత నిరోధం పెరిగి వోల్టేజీ కుంగుతుంది. అదే పని చేయించడానికి మరింత కరెంటు లాగాలి. మైదానంలో సరిపోయిన లెక్కను కాస్త పెంచుకుని కొండెక్కడం మంచిది.

అపోహ: ప్లగ్గు పెట్టేటప్పుడు టప్పున నిప్పురవ్వ ఎగిరితే బ్యాటరీకి దమ్మున్నట్టు.

వాస్తవం: ఇది వినడానికి బాగుంటుంది, అంతే. రవ్వకు కారణం బ్యాటరీ దమ్ము కాదు, మోటారు వేగాన్ని నియంత్రించే స్పీడ్ కంట్రోలర్‌లోని ఖాళీ కెపాసిటర్లు. పిన్నులు తాకిన క్షణంలో అవి ఒక్క గుక్కలో నిండాలని చూస్తాయి. వాటిలో చేరే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. నిండుగా ఉన్న 6ఎస్ ప్యాక్, అంటే ఆరు సెల్స్ వరసగా కలిపినది, 25.2 వోల్టులు, 12ఎస్ 50.4. వోల్టేజీ రెట్టింపు, శక్తి నాలుగింతలు. అందుకే చిన్న కారులో చిటుక్కుమన్నది పెద్ద డ్రోనులో చెవి అదిరేలా పేలుతుంది.

రవ్వ పడ్డ ప్రతిసారీ పిన్ను కొనన బంగారు పూత కొంచెం లేచిపోతుంది. భూతద్దం పెట్టి చూస్తే నల్లటి గుంటలు తెలుస్తాయి. పూత పోయిన లోహం మీద తేమ పడితే చిలుము పడుతుంది, నిరోధం పెరుగుతుంది. మన్యంలో మంచుకూ, ముసురుకూ కొదవేముంది! మంచి పిన్నుల జోడు నిరోధం అర మిల్లీ ఓమ్ అనుకుంటే 80 ఆంపియర్లకు అక్కడ పుట్టేది మూడు వాట్ల పైచిలుకు వేడి. చెడిపోయి 4 మిల్లీ ఓమ్‌లకు చేరితే 25 వాట్లు దాటుతుంది. రేడియో రిపేరు బల్ల మీద ఉండే టంకం కాడ వేడి అంతే. నైలాన్ తొడుగు మెత్తబడక ఏం చేస్తుంది?

దీనికి మందు ఉంది. ఎక్స్‌టీ90ఎస్ లోపల 5.6 ఓమ్‌ల చిన్న నిరోధకం ఉంటుంది, ఆకుపచ్చ వలయమే గుర్తు. మొదట తాకేది దాని ద్వారానే కాబట్టి కెపాసిటర్లు నెమ్మదిగా నిండుతాయి. ఒక్క క్షణం ఆగి, తర్వాత పూర్తిగా నొక్కాలి. సగంలో వదిలేసి థ్రాటిల్ ఇచ్చారో, ఆ నిరోధకం మాడుతుంది.

అపోహ: రెండు బ్యాటరీలు పెడితే బరువు పంచుకుంటాయి, చిన్న ప్లగ్గులు చాలు.

వాస్తవం: సమాంతరంగా కలిపితే నిజమే. రెండు 6ఎస్ ప్యాకుల్ని వరసగా కలిపి 12ఎస్ చేస్తే మాత్రం మొత్తం కరెంటు ప్రతి ప్లగ్గులోంచీ పోవాలి. పంచుకునేది వోల్టేజీనే. ఎడాప్టర్ల సంగతీ చెప్పాలి. బ్యాటరీకి ఒక రకం, బండికి ఇంకో రకం ఉన్నాయని మధ్యలో ఒకటి తగిలిస్తే, ఒక అతుకు ఉండాల్సిన చోట రెండు వస్తాయి. చార్జింగుకు పనికొస్తుంది, ఎగరేయడానికి నేనైతే వాడను.

అపోహ: పెద్ద ప్లగ్గు పెడితే ఎక్కువ కరెంటు దూరి మోటారు కాలుతుంది.

వాస్తవం: ఎంత కరెంటు కావాలో అడిగేది మోటారు. ప్లగ్గు దారి మాత్రమే.

అపోహ: టంకం ఎంత ఎక్కువ పోస్తే అంత గట్టి.

వాస్తవం: ఇక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు. 12 గేజి రాగి తీగ 25 వాట్ల కాడ వేడినంతా లాగేసుకుంటుంది. టంకం పైన ముద్దగా కూర్చుంటుంది, లోపల పట్టదు. 60 వాట్లకు తగ్గని కాడ కావాలి. పిన్ను కప్పులోకి టంకం నిండాలి, తీగ పోగుల్లోకి ఇంకాలి, పని త్వరగా ముగియాలి. ఆ వేడికి నైలాన్ కరిగి పిన్ను వంకర పోకుండా, జోడీలోని రెండో సగాన్ని దూర్చి ఉంచి టంకం వేయండి. ఆ రెండో సగానికి ఏ బ్యాటరీ తగిలించి ఉండకూడదు.

అరకులో ప్లగ్గు మాడితే విడిభాగం కోసం విశాఖ దాకా ఘాట్ రోడ్డు దిగాల్సి రావచ్చు. పెట్టెలో రెండు జతలు అదనంగా పెట్టుకోండి. దిగిన వెంటనే ప్లగ్గును తాకి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉన్నా, తొడుగు రంగు మారినా, లూజుగా జారుతున్నా మార్చేయండి. బ్యాటరీకున్న పాత ప్లగ్గు తీసేటప్పుడు ఎరుపు, నలుపు తీగల్ని ఒకేసారి కత్తిరించకండి. కత్తెరే రెండింటినీ కలిపి షార్ట్ చేస్తుంది. ఒకటి కోసి, దాని కొనకు టేపు చుట్టాకే రెండోదాని జోలికి వెళ్లండి.