కాల్‌సైన్ల చిట్టా: ఇంటర్నెట్టు లేని రోజున పనికొచ్చేది

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల్లో చదువుకునే మిత్రులకు హుస్సేన్‌సాగర్ నాలాను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. సాగర్ నిండితే మిగులు నీరు అశోక్‌నగర్, నారాయణగూడ మీదుగా ఈ నాలాలోనే పోయి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టులో నగరంలో ఒక్కరోజులోనే సుమారు 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నాలా పక్క బస్తీలు నీట మునిగాయి. అలాంటి రోజున మొదట కరెంటు పోతుంది. ఆ తర్వాత ఫోన్లు మూగబోతాయి. అప్పుడు కూడా ఒక బ్యాటరీ, ఒక తీగ ఉంటే మాట్లాడగలిగేది హామ్ రేడియో. ఆ హామ్ రేడియోకు తోడుగా ఉండే ఒక చిన్న పనిని మేము నేర్చుకున్నాం. దాన్నే ఇక్కడ వివరిస్తున్నాం.

హామ్ రేడియో అంటే లాభాపేక్ష లేకుండా, పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్సు పొంది నడిపే సొంత రేడియో స్టేషను. మన హైదరాబాదుకు ఈ రంగంలో మంచి పేరుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో ఇక్కడే ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో రేడియో నడుపుతోంది. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. ప్రపంచంలోని హామ్‌లతో సరదాగా మాట్లాడటానికి తీసుకెళ్ళిన ఆ రేడియోలే ఆ తర్వాత దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య క్షేమ సమాచారాలు మోశాయి.

కాల్‌సైన్ అంటే ఏమిటి?

ప్రతి హామ్‌కూ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పేరే కాల్‌సైన్. మన హాల్‌టికెట్ నంబరు లాంటిదే. ఒకరిది ఇంకొకరికి ఉండదు. మన దేశంలో ఎక్కువగా వినిపించేవి వీయూ2, వీయూ3తో మొదలవుతాయి. వీయూ4 అంటే అండమాన్ నికోబార్, వీయూ7 అంటే లక్షద్వీప్. భారతీ ప్రసాద్ గారి సొంత కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ. అండమాన్‌లో వాడింది వీయూ4ఆర్‌బీఐ. అంటే అక్షరాలు చూస్తే దేశం, ప్రాంతం తెలుస్తాయి. మనిషి ఎవరో తెలియాలంటే మాత్రం జాబితా చూడాలి.

ఒకప్పుడు ఇందుకోసం కాల్‌బుక్ అనే లావుపాటి అచ్చు పుస్తకాలుండేవి. 1990లలో అవి సీడీల్లోకి, ఆ తర్వాత ఇంటర్నెట్టులోకి మారాయి. ఇప్పుడు చాలామంది వెబ్‌సైటులోనే వెతుకుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. హామ్ రేడియో అవసరం పడేది ఇంటర్నెట్టు పోయినప్పుడు. పేరు చెప్పే జాబితా ఉన్నది ఇంటర్నెట్టులో! వాన రాత్రి సగం సగం వినబడిన కాల్‌సైన్ నిజంగా ఉందా, అది ఎవరిది, ఏ ఊరిది అని తేల్చుకోలేకపోతే సందేశం తప్పు చోటికి పోవచ్చు. అందుకే జాబితా మన దగ్గరే ఉండాలి.

ఎలా తయారు చేసుకోవాలి?

1. సమాచారం సేకరణ: అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తమ దేశపు హామ్ లైసెన్సులన్నీ ఉచితంగా దింపుకోవడానికి ఫైళ్ళుగా పెడుతుంది. 7 లక్షలకు పైగా లైసెన్సులున్న జాబితా అది. సాధన చేయడానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. అందులో మూడు ఫైళ్ళు ముఖ్యం. ఇ.ఎన్. ఫైలులో పేరు, ఊరు ఉంటాయి. హెచ్.డి. ఫైలులో లైసెన్సు అమలులో ఉందా, గడువు తీరిందా అన్నది ఉంటుంది. ఎ.ఎం. ఫైలులో లైసెన్సు తరగతి ఉంటుంది. మూడింటినీ కలిపేది ప్రతి లైసెన్సుకూ ఇచ్చిన ఒకే వరుస సంఖ్య.

2. డేటాబేస్: మేము వాడింది ఎస్‌క్యూలైట్. ఇది ఉచితం. దీనికి సర్వరు అక్కరలేదు. డేటాబేసంతా ఒకే ఫైలుగా ఉంటుంది కాబట్టి పెన్‌డ్రైవులో వేసుకుని ఎక్కడికైనా పట్టుకెళ్ళవచ్చు. మా వసతి గృహంలోని పాత కంప్యూటరుకు కూడా ఇది బరువు కాలేదు. ఫైళ్ళలో గడికీ గడికీ మధ్య నిలువు గీత ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పి ఎక్కించాలి. పేర్లలో అక్కడక్కడ కొటేషన్ గుర్తులు ఒంటరిగా ఉంటాయి. వాటిని తీసేయకపోతే నాలుగైదు వరుసలు కలిసి ఒక్కటైపోతాయి. అందుకే ఎక్కించాక ఫైలులో ఎన్ని వరుసలు, పట్టికలో ఎన్ని వరుసలు అని తప్పక సరిచూడాలి.

3. ఇండెక్స్: ఇది లేకపోతే ఒక్క పేరు కోసం కంప్యూటరు 7 లక్షల వరుసలూ చదవాలి. కాల్‌సైన్ గడికి ఇండెక్స్ వేస్తే నిఘంటువులో మాట వెతికినట్టు వెతుకుతుంది. సగం సగం చేసుకుంటూ పోయినా 7 లక్షల్లో ఒకటి దొరకడానికి 20 సార్లకు మించి చూడనక్కరలేదు. ఎంటర్ నొక్కగానే పేరు వస్తుంది.

4. పాతవాటిని వేరు చేయడం: గడువు తీరిన కాల్‌సైన్‌ను కొంతకాలం తర్వాత ఇంకొకరికి ఇస్తారు. అందుకే ఒకే కాల్‌సైన్‌కు ఇద్దరు ముగ్గురి పేర్లు కనిపించవచ్చు. హెచ్.డి. ఫైలులో ‘అమలులో ఉంది’ అన్న గుర్తు ఉన్నదాన్నే తీసుకోవాలి.

5. దేశం గుర్తించడం: మిగతా దేశాల కోసం ఏ మొదటి అక్షరాలు ఏ దేశానివో చెప్పే పట్టిక ఒకటి ఉచితంగా దొరుకుతుంది. ఇందులో ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. ఎక్కువ అక్షరాలు కలిసినదే సరైన జవాబు. ‘వీయూ’ దగ్గరే ఆగిపోతే అండమాన్ స్టేషను కూడా ప్రధాన భూభాగంలో ఉన్నట్టు చూపిస్తుంది. ‘వీయూ4’ వరకు చూస్తేనే దీవి కనబడుతుంది. కొందరు ప్రయాణంలో ఉన్నప్పుడు కాల్‌సైన్ చివర గీత పెట్టి ఎం, పి వంటి అక్షరం చేరుస్తారు. వెతికేముందు దాన్ని తీసేయాలి.

6. మన ఊరి జాబితా: అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అమెరికా జాబితా మనకు సాధన మాత్రమే. నాలా పొంగిన రోజున కావలసింది నారాయణగూడలోనో ముషీరాబాద్‌లోనో ఉన్న హామ్ పేరు. దీన్ని కూర్చుని చేత్తో రాసుకోవాలి. ఎవరి వివరాలైనా వారిని అడిగి, ఒప్పుకుంటేనే రాయాలి. కాల్‌సైన్, పేరు, బస్తీ, సాధారణంగా వినే ఫ్రీక్వెన్సీ చాలు. ఇంటి నంబరు, ఫోను నంబరు అందరూ చూసే చిట్టాలో అనవసరం.

మరువకూడని రెండు మాటలు

చిట్టా తయారు చేయడం ఒకరోజు పని, కాపాడుకోవడం ఏడాది పొడవునా పని. నెట్ దొరికినప్పుడు నెలకొకసారి కొత్త ఫైలు దింపి ఎక్కించాలి. ఏ తేదీ నాటి సమాచారమో తెరమీద పైన కనబడాలి. తేదీ లేని చిట్టాను నమ్మడం, పాత టైంటేబులు చూసి పరీక్షకు వెళ్ళడం ఒకటే.

రెండోది, కరెంటు పోతే కంప్యూటరు కూడా పోతుంది. కాబట్టి మన ఊరి జాబితాను ఒక కాగితం మీద ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి రేడియో పక్కన తగిలించాలి. ఎంత గొప్ప డేటాబేస్ ఉన్నా చివరికి ఆదుకునేది ఆ ఒక్క కాగితమే కావచ్చు.

ఖరీదైన రేడియో కొనడం మనలాంటి హాస్టలు విద్యార్థులకు వెంటనే సాధ్యం కాదు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయకూడదు కూడా. కాని ఈ చిట్టాకు రేడియో అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు. ఒక పాత కంప్యూటరు, ఒక పెన్‌డ్రైవు, నాలుగు ఆదివారాలు చాలు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే అన్నలు డేటాబేస్ అంటే ఏమిటో పుస్తకంలో బట్టీపడుతుంటారు. చేత్తో ఒకటి తయారు చేస్తే బట్టీ అవసరం ఉండదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వచ్చే వానాకాలం లోపల మీ హాస్టలు చుట్టుపక్కల ఉన్న హామ్‌లు ఎవరో కనుక్కోండి. మొదటి పేరు రాసిన రోజే మీ చిట్టా మొదలైనట్టు.