పాడెడి తీగ
అమెరికా నల్లవారి బ్లూస్, సోల్ సంగీతములలో గాయకుడు లేని వాద్యబృందములు కలవు. అట్టి బృందమునకు గిటారు నాయకమైనచో పాటభారమంతయు దానిదే. వాదకుడు తీగను వేలితో లాగి స్వరమును వంచును. మనము దానిని గమకమునకు చుట్టమని వెంటనే గుర్తింతుము.

పాలకొల్లున 1969లో జన్మించిన శ్రీ ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌పై ఈ చిక్కునే ఎదుర్కొనిరి. జంటతీగలపై నాదము మీటినంతనే అణగిపోవును. ఇక గమకమునకు వ్యవధి ఏది? ఆయన విద్యుత్ మాండొలిన్ చేపట్టి, నాలుగు జంటలకు మారుగా ఐదు ఒంటితీగలు బిగించిరి. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాదకులు కారు, గాయకులు. వారు పాడగా శిష్యుడు ఆ గొంతునే తీగపై పలికించెను. మాకు తీగల మార్పుకంటె ఇదియే ముఖ్యమని తోచును. తరువాత గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ నడిపిన ‘రిమెంబర్ శక్తి’ బృందమున ఆ మాండొలిన్, గిటారుతో సరిసమానముగ సంభాషించినది.