మిక్సీ వేస్తే తెలిసిపోయే ఫిజిక్స్ పాఠం



ఏఎం, ఎఫ్‌ఎం అంటే ఏమిటని అడగండి, పిల్లలు నిర్వచనం గడగడా అప్పజెప్పేస్తారు. అదే రేడియో పెట్టి, ఇప్పుడు వచ్చేది రెండింటిలో ఏదంటే మాత్రం డయల్ మీది అక్షరాల కోసం వెతుకుతారు. ఈ నెల ఆ అక్షరాలు కనబడకుండా చేత్తో మూసి అడగండి.

అటక మీది పాత రేడియో దించి బ్యాటరీలు వేయండి. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లు దాటిన మన హాలియాలో 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ కేంద్రం వినడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట మీడియం వేవ్‌లో ముల్లు తిప్పితే ఏదో ఒక స్టేషన్ తగులుతుంది. వింటూ వింటూ పక్కన మిక్సీ వేయండి. మాటల మీద గరగర వచ్చి పడిందా? అది ఏఎం.

ఏఎంలో మాట అంతా అల ఎత్తులో ఉంటుంది. మిక్సీ మోటారులో లేచే రవ్వలు, ఆకాశంలో మెరుపులు కూడా ఆ ఎత్తునే చెడగొడతాయి. ఎఫ్‌ఎంలో మాట ఉండేది పౌనఃపున్యం మార్పులో. ఎత్తు కాస్త అటూఇటూ అయినా రిసీవర్ దాన్ని కత్తిరించి పారేస్తుంది. అందుకే పాట శుభ్రంగా వస్తుంది. స్టేషన్ లేనిచోట ‘స్స్’ మని హోరు, స్టేషన్ తగలగానే ఆ హోరు మాయం కావడం ఎఫ్‌ఎం గుర్తు.

ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు పడతారు. ఏఎం దూరం పోతుంది, ఎఫ్‌ఎం పోదు అని రాసేస్తారు. దూరం మాడ్యులేషన్ వల్ల వచ్చింది కాదు. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని సాగుతుంది, రాత్రి పై వాతావరణానికి తగిలి ఇంకా దూరం వెళ్తుంది. ఎఫ్‌ఎం స్టేషన్లుండే 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ అలలు దాదాపు సూటిగానే పోతాయి. దానికి కాస్త పైనే, 118 మెగాహెర్ట్జ్ దాటాక, విమాన పైలట్లు మాట్లాడేది ఏఎంలోనే! ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏఎంలో ఆ గందరగోళమైనా వినిపిస్తుంది. ఎఫ్‌ఎంలో బలమైన గొంతు రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది.

షార్ట్ వేవ్‌లో బాతు అరిచినట్టు అర్థంకాని మాటలు వినిపిస్తే రేడియో పాడైందనుకోకండి. అది సింగిల్ సైడ్‌బ్యాండ్, హామ్ రేడియో వాళ్లు ఎక్కువగా వాడే పద్ధతి. మన దేశంలో 12 ఏళ్లు నిండినవారు ఆ లైసెన్సు పరీక్ష రాయవచ్చు.

సెల్‌ఫోన్ యాప్‌లో వచ్చే రేడియోతో మాత్రం ఈ మిక్సీ పరీక్ష కుదరదు. అది ఇంటర్నెట్ మీద వస్తుంది.