వాయువును పసిగట్టే పొడి

బెంగళూరు ఆగ్నేయ భాగాన ఉన్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు ఒక పక్క వాహనాలతో కిక్కిరిసే సిల్క్ బోర్డు కూడలి, మరో పక్క అగర చెరువు, దాని దిగువన బెళ్లందూరు చెరువు ఉన్నాయి. శుద్ధి చేయని మురుగునీరు ఏళ్ల తరబడి వచ్చి చేరడంతో బెళ్లందూరు చెరువు నురగలు కక్కడమే కాక, 2015 మే, 2017 ఫిబ్రవరి, 2018 జనవరి నెలల్లో మంటలు రేగి దేశమంతటా వార్తలకెక్కింది. ఇలాంటి చెరువుల అడుగున ఆక్సిజన్ అందని బురదలోనూ, మూతపడి ఉండే మురుగు కాలువల్లోనూ సూక్ష్మజీవులు సేంద్రియ వ్యర్థాలను కుళ్లబెట్టి మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులను పుట్టిస్తాయి. మీథేన్‌కు వాసనే లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది గాని, గాలిలో దాని మోతాదు పది లక్షల పాళ్లలో సుమారు నూరు పాళ్లకు చేరినప్పుడు ముక్కు దానిని గుర్తించే శక్తినే కోల్పోతుంది. రక్షణ సామగ్రి లేకుండా కార్మికులను మురుగు కాలువల్లోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించినా మ్యాన్‌హోళ్లలో మరణాలు ఆగకపోవడానికి ఈ విషవాయువు ఒక ముఖ్య కారణం కాబట్టి, ముక్కు ఓడిపోయే చోట పనిచేయగల పరికరం అవసరం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అలాంటి పరికరాల్లో చౌకైనది, ఎక్కువ కాలం మన్నేది లోహ ఆక్సైడ్ సెన్సర్. వంటగ్యాస్ పేలుళ్లతో సతమతమవుతున్న జపాన్‌లో నవోయోషి తగుచి 1962లో టిన్ ఆక్సైడ్, అంటే ఆక్సిజన్‌తో కలిసిన తగరం, ఆధారంగా ఇలాంటి సెన్సర్‌కు రూపమిచ్చారు. అదే ఏడాది క్యూషు విశ్వవిద్యాలయానికి చెందిన సెయామా బృందం జింక్ ఆక్సైడ్ పలుచని పొరలో ఇదే గుణాన్ని ప్రకటించింది. ఈ ఆక్సైడ్లు విద్యుత్తును ఒక మోస్తరుగా మాత్రమే ప్రసరింపజేసే అర్ధవాహకాలు. వీటిని 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసినప్పుడు గాలిలోని ఆక్సిజన్, ఆక్సైడ్ పొడి రేణువుల ఉపరితలానికి అంటుకొని అక్కడి ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. అందువల్ల ప్రతి రేణువు అంచునా ఎలక్ట్రాన్ల కొరత ఉన్న పొర ఏర్పడి విద్యుత్ నిరోధం పెరుగుతుంది. మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, వంటగ్యాస్ వంటివి తగిలినప్పుడు అవి ఆ ఆక్సిజన్‌తో చర్య జరుపుతాయి, విడుదలైన ఎలక్ట్రాన్లు రేణువులోకి తిరిగి చేరుతాయి, నిరోధం పడిపోతుంది. ఆ పతనాన్ని కొలిచే చిన్న వలయమే హెచ్చరిక గంటను మోగిస్తుంది.

ఇక్కడ రేణువు పరిమాణం కీలకం. టిన్ ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్ల కొరత పొర మందం సుమారు 3 నానోమీటర్లు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. రేణువు వ్యాసం దానికి రెట్టింపు, అనగా 6 నానోమీటర్లకు దిగినప్పుడు రేణువంతా కొరత పొరే అయిపోయి, సెన్సర్ స్పందన ఒక్కసారిగా పెరుగుతుందని యమజోయే బృందం 1991లో చూపింది. అయితే సెన్సర్ నిత్యం వేడి మీదనే పనిచేస్తుంది గనుక ఆ వేడికే సూక్ష్మ రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కొని పెద్దవవుతాయి. చిన్న రేణువును పుట్టించడం కంటే దానిని చిన్నదిగా నిలబెట్టడమే కష్టం. ఈ విద్యలోని అసలు నేర్పు అక్కడే ఉంది.

పొడిని తయారుచేసే పద్ధతులు అనేకం. టిన్ క్లోరైడ్ ద్రావణంలో అమ్మోనియా కలిపితే జిగురు వంటి తెల్లని అవక్షేపం వస్తుంది. అందులోని క్లోరైడ్ పూర్తిగా పోయేదాకా, అంటే కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ వేసినా తెల్లదనం కనిపించనంత వరకు, పదేపదే కడిగి, ఆరబెట్టి, కొలిమిలో కాలుస్తారు. ఈ కడుగుడులో ఓపిక తగ్గితే మిగిలిపోయిన క్లోరైడ్ సెన్సర్ గుణాన్ని దెబ్బతీస్తుంది. జింక్ నైట్రేట్‌ను హెక్సమీన్‌తో కలిపి 90 డిగ్రీల దగ్గర ఉంచినప్పుడు ఆరు పలకల సన్నని కడ్డీలు పెరుగుతాయి.

వీటన్నిటిలోనూ ప్రత్యేకంగా చెప్పుకోవలసిన పద్ధతి బెంగళూరులోనే, భారతీయ విజ్ఞాన సంస్థలో పుట్టింది. 1988లో కింగ్‌స్లీ, కాశీనాథ్ పాటిల్ అల్యూమినియం నైట్రేట్, యూరియా ద్రావణాన్ని 500 డిగ్రీల కొలిమిలో ఉంచి, అది మరిగి, నురగగా పొంగి, మండి, అయిదు నిమిషాల లోపే తెల్లని అల్యూమినా పొడిగా మిగలడాన్ని నమోదు చేశారు. ఇందులో నైట్రేట్ ఆక్సిజన్‌ను ఇస్తుంది, యూరియా ఇంధనమవుతుంది. రెండూ ఎంతెంత ఉండాలో రాకెట్ ఇంధనాల లెక్క నుంచే తీసుకున్నారు. ఆ లెక్కలో అల్యూమినియం నైట్రేట్ విలువ రుణ 15, యూరియా విలువ ధన 6 గనుక ఒక మోల్ నైట్రేట్‌కు రెండున్నర మోల్‌ల యూరియా సరిపోతుంది. జింక్ నైట్రేట్ విలువ రుణ 10, గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం విలువ ధన 9. కాబట్టి జింక్ ఆక్సైడ్‌కు ఒక మోల్ నైట్రేట్‌తో సుమారు 1.11 మోల్‌ల గ్లైసీన్ కలుపుతారు. మంట వేడి చాలా ఎక్కువైనా కొద్ది క్షణాలే నిలవడం వల్లనూ, వెలువడే నత్రజని, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ముద్దను చీల్చి పేలాల వలె గుల్లగా విప్పడం వల్లనూ రేణువులు పెరిగే వ్యవధి దొరకదు. ఇంధనం ఎక్కువైతే బొగ్గు మిగిలి మళ్లీ కాల్చవలసి వస్తుంది. తగరానికి అనువైన నైట్రేట్ లేకపోవడం మరో చిక్కు. అయినా మామూలు కొలిమి ఉన్న కళాశాల ప్రయోగశాల సైతం చేయగల పద్ధతి ఇది; ఆ సౌలభ్యమే దీని గొప్పతనం.

సిద్ధమైన పొడిని బంధకంతో ముద్దగా కలిపి, లోహపు ఎలక్ట్రోడ్లు అమర్చిన అల్యూమినా పలకపై పూసి కాలుస్తారు. ఇళ్లలో వాడే హెచ్చరిక పరికరాలు చాలావరకు ఇలాంటివే. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది గనుక సిలిండరు ఉన్న వంటింట్లో వాటిని నేలకు దగ్గరగా, గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు తేలికైనది గనుక దానిని వాడే ఇంట్లో కప్పుకు దగ్గరగా బిగించాలి; చోటు తప్పితే మంచి సెన్సర్ కూడా ఆలస్యంగా మేల్కొంటుంది.

మురుగు కాలువ సంగతి ఇంతకంటే జటిలం. టిన్ ఆక్సైడ్ ఒక్క వాయువుకే కాక అనేక వాయువులకు స్పందిస్తుంది, గాలిలోని తేమ దాని కొలతను చెదరగొడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో మాత్రం రసాయనశాస్త్రం ఒక చక్కని దారి చూపింది. టిన్ ఆక్సైడ్‌కు కొద్దిగా కాపర్ ఆక్సైడ్ చేర్చినప్పుడు ఆ రెండూ కలిసే చోట విద్యుత్తుకు అడ్డుగోడ ఏర్పడుతుంది; హైడ్రోజన్ సల్ఫైడ్ తగలగానే కాపర్ ఆక్సైడ్ లోహం వంటి వాహకమైన కాపర్ సల్ఫైడ్‌గా మారి ఆ గోడ కూలిపోతుంది, నిరోధం ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఇతర వాయువులు ఆ మార్పును తేలేవు. కాలువలోకి ఎవరినీ దింపకపోవడమే న్యాయం. అది అమలయ్యే వరకైనా మూత తీయగానే లోపలికి వేలాడదీయగల ఇలాంటి సెన్సర్ ప్రతి పారిశుద్ధ్య బృందం చేతిలో ఉండాలి. విషవాయువు తొలగిన తరువాత కాపర్ సల్ఫైడ్ మళ్లీ ఆక్సైడ్‌గా మారడానికి వేడి, స్వచ్ఛమైన గాలి, కొంత సమయం కావాలి గనుక, ఒక మ్యాన్‌హోల్ వద్ద మోగిన సెన్సర్ తన పూర్వస్థితికి చేరిందని సరిచూసిన తరువాతే దానిని తదుపరి మ్యాన్‌హోల్ వద్ద నమ్మవచ్చు.