మిసెల్

మిసెల్ అనగా సబ్బు, డిటర్జెంటు వంటి పదార్థాల అణువులు నీటిలో పదుల సంఖ్యలో గుమిగూడి ఏర్పరచే అతి సూక్ష్మమైన గుచ్ఛం. నీటి తలతన్యతను తగ్గించే ఇటువంటి పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటారు. ద్రావణంలో వీటి గాఢత బాగా పెరిగినపుడు అణువుల గుచ్ఛాలు క్రమపద్ధతిలో అమరి ద్రవ స్ఫటికాలు ఏర్పడతాయి.

అణు నిర్మాణం

సర్ఫాక్టెంటు అణువుకు రెండు భాగాలు ఉంటాయి. నీటిని ఆకర్షించే భాగాన్ని తల అని, నీటితో కలవని పొడవైన హైడ్రోకార్బన్ గొలుసును తోక అని వ్యవహరిస్తారు. ఉదాహరణకు సోడియం డొడెసైల్ సల్ఫేటులో తోక 12 కార్బన్ పరమాణువుల గొలుసు; తల ఋణావేశం గల సల్ఫేటు సమూహం. కుంకుడుకాయ, శీకాయలలో నురుగునిచ్చే సాపోనిన్లు సహజ సర్ఫాక్టెంట్లు. వీటిలో చక్కెర భాగం తల పాత్ర వహిస్తుంది.

మిసెల్ ఏర్పడే విధానం

సర్ఫాక్టెంటును నీటిలో కొద్దికొద్దిగా కలిపితే, అణువులు మొదట నీటి ఉపరితలానికి చేరి, తోకలను గాలిలోకి ఉంచి నిలుస్తాయి. దీనివలన తలతన్యత తగ్గుతుంది. ఉపరితలం నిండిన తరువాత, ఒక నిర్దిష్ట గాఢత వద్ద నీటి లోపల మిసెల్‌లు ఏర్పడడం మొదలవుతుంది. దీనిని సందిగ్ధ మిసెల్ గాఢత అంటారు. సోడియం డొడెసైల్ సల్ఫేటుకు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది లీటరుకు సుమారు 8 మిల్లీమోల్‌లు, అనగా రెండు గ్రాములకు కొంచెం ఎక్కువ. ఈ మిసెల్‌లో సుమారు 60 అణువులు ఉంటాయి. తోకలు లోపలికి, తలలు బయటికి ఉంటాయి.

తోకలు పరస్పరం బలంగా ఆకర్షించుకోవడమే దీనికి ముఖ్య కారణం కాదు. తోక చుట్టూ ఉన్న నీటి అణువులు తమ స్వేచ్ఛను కొంత కోల్పోతాయి. తోకలు ఒకచోట చేరితే ఆ నీటి అణువులు విడుదలై వ్యవస్థ ఎంట్రపీ పెరుగుతుంది. మిసెల్ స్థిరమైన ఉండ కాదు. అణువులు నిరంతరం దానిలోకి వస్తూ, పోతూ ఉంటాయి.

బట్టలపై ఉన్న జిడ్డు మిసెల్ లోపలి తోకల మధ్య ఇమిడిపోయి నీటితో కొట్టుకుపోతుంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారడం వలన అక్కడ సబ్బు సరిగా పనిచేయదు.

ద్రవ స్ఫటిక ప్రావస్థలు

గాఢత పెరిగే కొద్దీ సాధారణంగా ఈ క్రింది ప్రావస్థలు కనిపిస్తాయి.

* షడ్భుజ ప్రావస్థ: పొడవైన స్తంభాల వంటి మిసెల్‌లు తేనెపట్టు గదుల వలె అమరుతాయి.
* ఘన సౌష్ఠవ ప్రావస్థ: త్రిమితీయ అమరిక గల చిక్కటి జిగురు. ధ్రువణ సూక్ష్మదర్శినిలో మిగిలిన రెండూ ప్రకాశవంతంగా కనిపిస్తే, ఇది చీకటిగా కనిపిస్తుంది.
* పొరల ప్రావస్థ: జంట పొరలు, నీటి పొరలు ఒకదాని తరువాత ఒకటిగా ఉంటాయి.

పొరల ప్రావస్థలో నీరు తక్కువైనా, పొరలు ఒకదానిపై ఒకటి జారగలవు కనుక అది షడ్భుజ ప్రావస్థ కంటే సులభంగా ప్రవహిస్తుంది. సబ్బు తయారీలో ఈ తేడా ముఖ్యమైనది. అన్ని సర్ఫాక్టెంట్లూ అన్ని ప్రావస్థలనూ ఇవ్వవు. తల వైశాల్యం, తోక పరిమాణం, ఉష్ణోగ్రతలపై ఇది ఆధారపడుతుంది.

చరిత్ర

సబ్బు ద్రావణాలలో ఇటువంటి గుచ్ఛాలు ఉంటాయని 1913లో జేమ్స్ విలియం మెక్‌బెయిన్ ప్రతిపాదించాడు. అణువు ఆకారానికి, గుచ్ఛం ఆకారానికి గల సంబంధాన్ని 1976లో ఇజ్రాయెలాచ్‌విలి, మిచెల్, నిన్‌హామ్ వివరించారు.

ప్రాముఖ్యత

పైత్యరసంలోని లవణాలు పేగులలో మిసెల్‌లను ఏర్పరచి కొవ్వులు, ఎ, డి, ఇ, కె విటమిన్లు శరీరానికి అందేలా చేస్తాయి. పైత్యరస మార్గం మూసుకుపోతే విటమిన్ కె లోపించి రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. జీవకణాల పొర కూడా జంట పొర నిర్మాణమే. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల ఊపిరితిత్తులలో సహజ సర్ఫాక్టెంటు చాలకపోతే శ్వాస కష్టమవుతుంది. అందువలన దానిని బయటి నుండి మందుగా అందిస్తారు.